యాజకుడి చేతి నుంచి కాపరి నోటికి

గత భాగంలో యెరూషలేము ఆలయం కాలి బూడిదైన క్రీ.శ. 70 దగ్గర ఆగాం. రోమన్ సైన్యం పని ముగించాక అక్కడ బలిపీఠం లేదు, ధూపం లేదు, వంతులవారీగా సేవ చేసే యాజకులు లేరు. మరి ఆ తర్వాత యూదులు దేవుడితో మాట్లాడింది ఎలా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు ఇంకో ఆరేడు వందల ఏళ్లు వెనక్కి నడిచి, అదే ఊరి వెలుపల ఒక సమాధిలోకి దిగాలి.

1979. పాత నగరానికి నైరుతి దిక్కున హిన్నోము లోయ అంచు. కెతెఫ్ హిన్నోమ్ అని ఆ చోటి పేరు. హిన్నోము భుజం అని అర్థం. ఇజ్రాయెల్ పురావస్తు శాస్త్రవేత్త గాబ్రియేల్ బార్కాయ్ అక్కడ రాతిలో తొలిచిన సమాధి గదులను తవ్విస్తున్నాడు. వాటిలో చాలా భాగం ఏనాడో దొంగల పాలైంది. పని సాయానికి వచ్చిన పిల్లల్లో పదమూడేళ్ల కుర్రాడొకడు విసుగుపుట్టి సుత్తితో అడుగురాతిని బాదుతుంటే అది పగిలింది. దాని కింద, దొంగల కంటపడని అరలో, వెయ్యికి పైగా వస్తువులు బయటపడ్డాయి: మట్టిపాత్రలు, బాణపు మొనలు, నగలు, ఎముకలు. వాటి మధ్య వెండిరేకు చుట్టలు రెండు, సిగరెట్ పీకంతవి.

అవి తాయెత్తులు. తాడు దూర్చి మెడలో వేసుకోవడానికి మధ్యలో సందు ఉంది. లోపల ఏదో రాసి ఉంటుందని అందరికీ అనుమానమే, విప్పబోతే పొడైపోతుందేమోనని అందరికీ భయమే. యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియం నిపుణులు వాటిని విప్పడానికి మూడేళ్లు తీసుకున్నారు. పూర్తిగా పరిస్తే పెద్దది సుమారు 97 మిల్లీమీటర్ల పొడవు, 27 మిల్లీమీటర్ల వెడల్పు. చిన్నది 39, 11 మిల్లీమీటర్లు. వాటి మీద వెంట్రుకంత సన్నగా గీరిన పాత హీబ్రూ అక్షరాలు. మొదట పోల్చుకోగలిగింది దేవుడి నాలుగక్షరాల పేరును. ఆ తర్వాత వాక్యాలు తేలాయి. బైబిల్లో సంఖ్యాకాండము ఆరో అధ్యాయంలో యాజకులు ప్రజలను దీవించాల్సిన మాటలున్నాయి కదా, అవే, కొంచెం కుదించిన రూపంలో. క్రీ.పూ. ఏడో శతాబ్ది చివర, ఆరో శతాబ్ది మొదలు నాటివని లిపిని బట్టి తేల్చారు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం కొత్త పద్ధతుల్లో ఫొటోలు తీసి 2004లో వెలువరించిన అధ్యయనమూ ఆ కాలాన్నే బలపరిచింది. మృత సముద్రపు చుట్టల కంటే ఇవి సుమారు నాలుగు వందల ఏళ్లు పాతవి. బైబిల్లోని మాటలు రాసి ఉన్న వస్తువుల్లో ఇప్పటిదాకా దొరికిన అతి ప్రాచీనమైనవి ఇవే.

ఇంత పాత రేకు మీద చట్టం ఉండవచ్చు, యుద్ధగాథ ఉండవచ్చు. ఉన్నది దీవెన. ఎవరో దాన్ని మెడలో కట్టుకుని బతికారు, దానితోనే మట్టిలో కలిశారు.

బైబిల్లోని పూర్తి రూపంలో ఈ దీవెన హీబ్రూలో పదిహేను మాటలు. మొదటి పంక్తిలో మూడు, రెండోదానిలో అయిదు, మూడోదానిలో ఏడు. దేవుడు నిన్ను దీవించి కాపాడాలని మొదటి పంక్తి కోరుతుంది. ఆయన ముఖకాంతి నీ మీద పడాలని, నిన్ను కరుణించాలని రెండోది. ఆయన నీ వైపు ముఖం తిప్పి నీకు శాంతినివ్వాలని మూడోది. పంక్తి పంక్తికీ ఊపిరి పొడుగవుతూ చివరికి ‘షాలోమ్’ అన్న మాట దగ్గర ఆగుతుంది.

ఆలయం ఉన్న రోజుల్లో యాజకులు చేతులెత్తి ఈ మాటలు పలికేవారు. వారి వంశీకులు, అంటే కోహెన్‌లు, సినగాగ్‌లలో ఇప్పటికీ పలుకుతారు. ఇజ్రాయెల్లో రోజూ, ఇతర దేశాల్లో అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్ మూలాల) యూదుల మధ్య ఎక్కువగా పండుగలకు. ప్రార్థన శాలువాను తల మీదుగా కప్పుకుని, రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్లను జంటలుగా విడదీసి నిలబడతారు. ఎదుటివాళ్లు ఆ చేతుల వైపు చూడకూడదని ఆచారం. బోస్టన్ సినగాగ్‌లో చిన్నప్పుడు దొంగచాటుగా చూసేసిన నటుడు లెనార్డ్ నిమోయ్, ‘స్టార్ ట్రెక్’లో స్పాక్ పాత్రకు ఆ ముద్రనే ఇచ్చాడు. ఆ సీరియల్ చూసినవాళ్లకు ఆ చెయ్యి గుర్తుంటుంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చాలామందికి తెలియదు.

యాజకుడు మాట పలుకుతాడు, దీవించేది నేనే అంటాడు దేవుడు సంఖ్యాకాండములో. అక్కడ దీవెన దారి పై నుంచి కిందికి. దేవుడి దగ్గర బయల్దేరి, యాజకుడి చేతుల మీదుగా జనం తల మీదికి దిగుతుంది.

తెలుగువారికి ఇంతవరకు ఇబ్బంది లేదు. దీవెన అన్నా, ఆశీర్వాదం అన్నా మన భాషలో పెద్దల నుంచి పిన్నలకే. అక్షింతలు వేసేది పెద్దవాళ్లు, తల వంచేది చిన్నవాళ్లు. మనవడు తాతను ఆశీర్వదించాడని ఎవరైనా అంటే మాట తిరగబడిందనుకుంటాం. హీబ్రూలో అలా తిరగబడటం తప్పు కాదు. బ-ర-ఖ అన్న ఒకే ధాతువు రెండు వైపులా నడుస్తుంది. దేవుడు మనిషికి చేసేదీ అదే క్రియ, మనిషి దేవుడికి చేసేదీ అదే క్రియ. తెలుగు బైబిల్ అనువాదకులకు ఇక్కడ చిక్కొచ్చింది. మనిషి విషయంలో ‘ఆశీర్వదించు’ అని, దేవుడి విషయంలో ‘సన్నుతించు’, ‘స్తుతించు’ అని వేరువేరు మాటలు వాడారు. తెలుగు నుడికారానికి అదే న్యాయం. కానీ ఒకే తాడును రెండు ముక్కలు చేసినట్టయింది. ఆ కొసా ఈ కొసా ఒక్కటేనన్న సంగతి తెలుగులో చదివేవారికి కనబడదు.

సరే, మనిషి దేవుణ్ణి దీవించడమంటే ఏమిటి? అన్నీ ఉన్నవాడికి మనం ఇచ్చేదేమిటి? యూదు పండితులు ఈ ప్రశ్నను శతాబ్దాల తరబడి వదల్లేదు. ‘బరూఖ్’ అంటే ఒకరి చేత దీవించబడినవాడని కాదు, దయాళువు, కృపాళువు అన్నట్టుగా అది ఆయన గుణం పేరు అన్నారు కొందరు. సెవిల్లా నగరంలో 1340లో ప్రార్థనలకు వ్యాఖ్యానం రాసిన దావీద్ అబుద్రహామ్ ఆ పక్షం. ‘బెరేఖా’ అంటే నీటి కొలను కాబట్టి, ఊరుతూ పెరిగేదన్న అర్థం తీశారు మరికొందరు. 13వ శతాబ్దిలో బార్సిలోనాకు చెందిన ష్లోమో ఇబ్న్ అద్రెత్ వారిలో ఒకడు. ‘బెరెఖ్’ అంటే మోకాలు కనుక మోకరిల్లడమే మూలమన్నది మూడో మాట. ఈ మూడు పదాల చుట్టరికం గురించి నేటి భాషావేత్తలు ఏకాభిప్రాయానికి రాలేదు. ధాతువు సంగతి ఎలా ఉన్నా, ఆచరణలో దీని అర్థం తేట. ఎదుట ఉన్నది ఎవరిదో గుర్తించి ఆ మాట పైకి అనడం. ఇలా అనే ఒక్కో వాక్యాన్ని ‘బెరాఖా’ అంటారు, బహువచనంలో ‘బెరాఖోత్’.

బైబిల్లో ఇలాంటివి అక్కడక్కడా కనిపిస్తాయి. మోషే మామ యిత్రో, అబ్రాహాము సేవకుడు మేలు జరిగిన వేళ దేవుణ్ణి కొనియాడతారు. కానీ దూరంగా నిలబడినట్టు ‘ఆయన’ అంటారు. తర్వాతి కాలపు ప్రార్థనల్లోలా ‘నీవు’ అని నేరుగా సంబోధిస్తూ మొదలయ్యే రూపం హీబ్రూ బైబిల్ మొత్తంలో రెండే చోట్ల ఉంది: 119వ కీర్తనలో ఒకసారి, దినవృత్తాంతముల మొదటి గ్రంథంలో దావీదు నోట ఒకసారి. ఆ అరుదైన పిలుపే ఆలయం పోయాక వచ్చిన రబ్బీల, అంటే ధర్మబోధకుల, చేతిలో రోజువారీ వాడుక అయింది.

ఆ వాడుక ఎలా స్థిరపడిందో రబ్బీల చర్చల సంకలనమైన తాల్ముద్‌లో చూడవచ్చు. క్రీ.శ. మూడో శతాబ్దిలో బాబిలోనియాలో రావ్, తిబెరియాలో రబ్బీ యోహానాన్ అనే ఇద్దరు మహాపండితులుండేవారు. దేవుడి పేరు లేని బెరాఖా బెరాఖా కాదన్నాడు రావ్. దేవుడి రాజరికాన్ని కూడా చెప్పి తీరాలన్నాడు యోహానాన్. ఇద్దరి మాటా నిలిచింది. అందుకే ఈనాటికీ బెరాఖా సాధారణంగా ఆరు మాటలతో తలుపు తీస్తుంది: బరూఖ్ అన్న మాట, ‘నీవు’ అని అర్థమిచ్చే అత్తా, దేవుడి పేరు, ‘మా దేవుడు’ అన్న ఎలోహేను, ‘లోకానికి రాజు’ అన్న మెలెఖ్ హా-ఓలామ్. దేవుడి పేరును మాత్రం రాసినట్టు పలకరు. నాలుగక్షరాలు కంటికి కనిపిస్తాయి, నోటితో ‘నా ప్రభువు’ అనే అర్థంలో అదోనాయ్ అంటారు. ప్రార్థన బయట మామూలు మాటల్లో అదీ అనకుండా ‘హషేమ్’ అంటారు, అంటే ‘ఆ పేరు’. చివరి మాట ‘ఓలామ్’కు బైబిల్ కాలంలో అనంతకాలం అని అర్థం, రబ్బీల కాలానికి లోకం అన్న అర్థం వచ్చి చేరింది. కాలమూ లోకమూ రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

ఇంకో విశేషం వ్యాకరణంలో ఉంది. ‘నీవు’ అని మొదలైన వాక్యం మధ్యలో ‘ఆయన’కు మారిపోతుంది. సబ్బాతు దీపాలు వెలిగించేటప్పుడు చెప్పే బెరాఖా, నీవు అని పిలిచి, వెంటనే తన ఆజ్ఞలతో మమ్మల్ని పవిత్రం చేసినవాడు అంటుంది. తెలుగు పంతులుగారైతే ఎర్రసిరాతో సున్నా చుడతారు. యూదు వ్యాఖ్యాతలకు అది తప్పుగా తోచలేదు. ఒక్క ఊపిరిలో దగ్గరికి వెళ్లి, అక్కడే నిలబడే ధైర్యం చాలక మళ్లీ అడుగు వెనక్కి వేసిన భక్తుడి కదలిక అందులో విన్నారు. ఈ వ్యాసకర్తకు ఆ వివరణ నచ్చింది.

ఇంత కట్టుదిట్టమైన సూత్రం ఏర్పడుతున్న రోజుల్లోనే, అదే పుటలో తాల్ముద్ ఒక గొర్రెల కాపరిని ప్రవేశపెడుతుంది. అతని పేరు బెన్యామీను. హీబ్రూ సూత్రాలు రాని మనిషి. రొట్టెలో ఏదో చుట్టుకుని తిని, ఈ రొట్టె ఎవరిదో ఆ యజమానికి స్తుతి అని తన ఇంటి భాష అరమాయిక్‌లో అనుకున్నాడు, అంతే. అది చెల్లుతుందా? చెల్లుతుంది, అతని బాధ్యత తీరింది అన్నాడు రావ్. దేవుడి పేరు లేకపోతే చెల్లదన్న ఆ రావే! పేరేదీ అని సభలో వెంటనే అడ్డుతగిలారు. కాపరి ‘కరుణామయుడు’ అన్న మాట కూడా కలిపాడని, అది పేరు కిందికే వస్తుందని సమాధానం చెప్పారు. పండితులు ఎంత పట్టుదలగా ఆ కాపరి కోసం చోటు చేశారో చూడండి. వెండిచుట్ట నాటి యాజకుడి చేతి నుంచి మాట ఇక్కడికి దిగి వచ్చింది. గొర్రెల వెనక తిరిగేవాడు, తనకు వచ్చిన భాషలో, రొట్టెముక్క పట్టుకుని దేవుడికి బెరాఖా చెప్పగలడు.

ఎందుకు చెప్పాలి? తాల్ముద్ దగ్గర దీనికి సూటి తర్కం ఉంది. భూమీ దాని సంపూర్ణతా దేవుడివని ఒక కీర్తన చెబుతుంది. ఆకాశం దేవుడిది, భూమిని మనుషులకిచ్చాడని ఇంకో కీర్తన చెబుతుంది. ఏది నిజం? రబ్బీ లేవీ రెండూ నిజమే అన్నాడు. మొదటిది బెరాఖా చెప్పకముందు, రెండోది చెప్పాక. ఆ మాట అనకుండా పండు కొరికితే ఆలయపు సొత్తును సొంతానికి వాడుకున్నంత తప్పు. ఆలయం కాలిపోయి తరాలు గడిచాక ఈ మాట అంటున్నారని గుర్తుంచుకోవాలి. కాలిపోయిన ఆలయపు పవిత్రతను ఊరూరా, ఇంటింటా, భోజనపు బల్ల మీదికి తెచ్చి పెట్టారు.

క్రీ.శ. 200 ప్రాంతంలో యెహూదా హ-నాసి కూర్చిన ధర్మసూత్రాల సంకలనం మిష్నాలో మొట్టమొదటి ప్రకరణం పేరే ‘బెరాఖోత్’. తొమ్మిది అధ్యాయాలు. చెట్టు పండుకు ఒక మాట, నేల పంటకు ఇంకో మాట, ద్రాక్షారసానికి వేరు, రొట్టెకు వేరు. నీళ్లకు, ఏ విభాగంలోనూ ఇమడనివాటికి, ఎవరి మాటతో సమస్తం కలిగిందో ఆయనకు అనే సాధారణ రూపం. నేడు కాఫీ, టీలు తాగే ముందు చెప్పేది ఇదే. చెప్పాలంటే ముందు చేతిలో ఉన్నది ఏమిటో తెలియాలి, ఎక్కడ పెరిగిందో తెలియాలి. అరటిపండునే తీసుకోండి. చూడ్డానికి చెట్టు పండే. కానీ గెల కోశాక ఆ బోదె పోతుంది, మళ్లీ దుంప నుంచి పిలక రావాల్సిందే. కాబట్టి అది నేల పంట అని, 1565లో వెనీస్‌లో అచ్చయిన ‘షుల్హాన్ అరూఖ్’ ధర్మగ్రంథంలో యోసెఫ్ కారో తీర్పు రాశాడు. అరటితోట పెంచిన ఏ కోనసీమ రైతైనా దానికి తల ఊపుతాడు.

అన్నం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. యూదు ధర్మశాస్త్రం గోధుమ, యవలు వంటి అయిదు ధాన్యాలకు ప్రత్యేక స్థానం ఇచ్చింది. వరి ఆ జాబితాలో లేదు. వరిపిండితో రొట్టె చేసినా దానికి రొట్టె బెరాఖా చెల్లదు. అయినా తాల్ముద్ చర్చించి చర్చించి, అన్నం తినే ముందు నానా రకాల ఆహారాలను సృష్టించినవాడనే బెరాఖా చెప్పమంది. అది అయిదు ధాన్యాలతో చేసిన వంటకాలకు చెప్పే మాట. కడుపు నింపే గుణం వరికి కూడా ఉందని ఒప్పుకున్నారన్నమాట.

తినే ముందు చెప్పేవన్నీ రబ్బీల ఏర్పాటు. తిన్నాక చెప్పమన్నది మాత్రం మోషే ధర్మశాస్త్రమైన తోరాయే, ద్వితీయోపదేశకాండము ఎనిమిదో అధ్యాయంలో. ఆకలి మీద ఉన్నవాడు దేవుణ్ణి తలచుకోవడం సహజం. కడుపు నిండినవాడు మరిచిపోతాడు కనుక ఆజ్ఞ అక్కడ అవసరమైంది. ఈ భోజనానంతర ప్రార్థనలో నాలుగు బెరాఖాలు. నాలుగోదాని వెనక ఒక భయంకరమైన కథ ఉంది. బార్ కోఖ్బా నాయకత్వంలో 132లో రోమ్ మీద మొదలైన తిరుగుబాటు 135లో బేతార్ కోట పతనంతో ముగిసింది. చనిపోయినవాళ్లను పాతిపెట్టడానికి రోమన్లు ఒప్పుకోలేదు. ఎంతో కాలానికి అనుమతి వచ్చింది. ఆ శవాలు కుళ్లిపోనందుకు, చివరికి మట్టికి చేరినందుకు, మంచివాడూ మేలు చేసేవాడూ అని దేవుణ్ణి స్తుతించే నాలుగో బెరాఖాను పండితుల కేంద్రమైన యావ్నెలో చేర్చారని తాల్ముద్ చెబుతుంది. ఓడిపోయిన జాతి అది. ఇల్లు పోయింది, రాజ్యం పోయింది. పాతిపెట్టనిచ్చారన్న అంత చిన్న దయను పట్టుకుని, దాన్ని ప్రతి భోజనం చివరా అనుకోవాలని నిర్ణయించుకుంది. ఇన్ని బెరాఖాల్లో మనసును ఇంతగా కలచివేసేది మరొకటి లేదు.

చెడ్డ కబురుకు కూడా బెరాఖా ఉంది. మేలుకు చెప్పినట్టే కీడుకూ చెప్పాలన్నది మిష్నా. మరణవార్త వినగానే, బట్ట చింపుకుంటూ, సత్యమైన న్యాయాధిపతి అని దేవుణ్ణి పేర్కొంటారు. ఏడుపు ఆపమని దాని అర్థం కాదు, ఆ పైన ఏడు రోజుల సంతాపం ఉండనే ఉంది. జరిగిపోయిందాన్ని జరగలేదనుకునే ప్రార్థనను మాత్రం మిష్నా ఒప్పుకోదు. ఊళ్లోకి వస్తూ ఏడుపులు వినబడితే, అది మా ఇల్లు కాకుండా చూడు అని మొక్కుకోవడం వ్యర్థ ప్రార్థన అంటుంది. ఎవరిల్లో ఒకరిల్లు ఈసరికే కూలింది.

దేహానికి సంబంధించిన బెరాఖా ఒకటుంది, ‘అషెర్ యాత్సర్’. మరుగుదొడ్డికి వెళ్లి వచ్చి చేతులు కడుక్కుని చెప్పేది. నాలుగో శతాబ్ది బాబిలోనియా పండితుడు అబాయే పేర దీన్ని తాల్ముద్ నమోదు చేసింది. మనిషిని జ్ఞానంతో నిర్మించి, లోపల రంధ్రాలూ నాళాలూ పెట్టావు, వాటిలో ఒకటి తెరుచుకోకూడనప్పుడు తెరుచుకున్నా, మూసుకోకూడనప్పుడు మూసుకున్నా నిలవలేము అని దాని సారాంశం. న్యూయార్క్ వైద్యుడు కెన్నెత్ ప్రేగర్ 1997లో అమెరికా వైద్య సంఘం పత్రికలో దీని గురించే ఒక వ్యాసం రాశాడు. చిన్నప్పుడు మతపాఠశాలలో ఈ మాటలు చదివి పిల్లలంతా నవ్వుకునేవారట. వైద్యవిద్యలో చేరి, ఒక్క నాళం మూసుకుపోతే ఏమవుతుందో కళ్లారా చూశాక నవ్వు ఆగిపోయింది. మూత్రం బిగబట్టి ఆస్పత్రి వరండాలో మెలికలు తిరిగినవారికి, డయాలసిస్ మంచం మీద పడుకున్నవారికి ఆ పాత వాక్యం విప్పి చెప్పనక్కరలేదు.

పొద్దున్నే చెప్పే బెరాఖాల వరస మొదట ఇంట్లోనే, ఒక్కో పనికీ ఒక్కోటిగా పుట్టింది. కోడి కూస్తే ఒకటి, కళ్లు తెరిస్తే ఒకటి, లేచి కూర్చుంటే, బట్ట కట్టుకుంటే, నేల మీద కాలు మోపితే, చెప్పులు తొడుక్కుంటే, నడుం బిగిస్తే. ఆ తర్వాతి కాలంలో వాటిని మూటగట్టి సినగాగ్‌లో ఒకేసారి చదివే అలవాటు వచ్చింది. 12వ శతాబ్ది ఈజిప్టులో ధర్మశాస్త్ర పండితుడు మైమొనిదీస్ దీన్ని గట్టిగా తప్పుపట్టాడు. చెయ్యని పనికి బెరాఖా ఏమిటన్నది ఆయన వాదం. ఆయన మాట చెల్లలేదు, మూటే నిలిచింది. న్యాయం మైమొనిదీస్ వైపే ఉందనిపిస్తుంది. చెప్పు తొడుక్కునే క్షణంలో చెప్పిన మాటకున్న ప్రాణం జాబితాలో చదివినప్పుడు ఉండదు.

ఆ వరసలోనే చిక్కు ముడి కూడా ఉంది. నన్ను స్త్రీగా పుట్టించనందుకు అని మగవాళ్లు చెప్పే బెరాఖా తాల్ముద్ కాలం నుంచి వస్తోంది. ఆడవాళ్లకు ఆజ్ఞల బరువు తక్కువ, మగవాడు ఆ బరువు దొరికినందుకు కృతజ్ఞత చెబుతున్నాడని సమర్థకుల వివరణ. వినే ఆడపిల్ల చెవికి ఆ వివరణ ముందు చేరదు, వాక్యమే చేరుతుంది. 14వ శతాబ్ది నాటికి స్త్రీలు, తన ఇష్టప్రకారం నన్ను చేసినవాడు అని చెప్పుకునే వాడుక కనిపిస్తుంది. 1471లో ఇటలీలో అబ్రహామ్ ఫారిస్సోల్ అనే లేఖకుడు ఒక స్త్రీ కోసం ప్రార్థన పుస్తకం రాసిచ్చాడు. అందులో ఆ బెరాఖా, నన్ను పురుషుడిగా కాక స్త్రీగా చేసినందుకు అని ఉంది. అయిదున్నర శతాబ్దాల కిందట ఒక స్త్రీ చేతిలో ఆ పుస్తకం ఉంది, ఆమె రోజూ ఆ మాట చదువుకుంది. అమెరికాలో యూదుల కన్సర్వేటివ్ శాఖ 1946 నాటి తన ప్రార్థన పుస్తకంలో ఆ వాక్యాన్ని, తన స్వరూపంలో నన్ను సృష్టించినవాడు అని మార్చింది. ఆ మార్పు అవసరమైనదే.

రోజుకు నూరు బెరాఖాలు చెప్పాలన్నది రబ్బీ మెయిర్ మాట. నూరు ఎక్కడి నుంచి వస్తాయి? నిలబడి చేసే ప్రధాన ప్రార్థన ‘అమీదా’ను పద్దెనిమిది అని పిలుస్తారు గానీ లెక్కకు పంతొమ్మిది బెరాఖాలు. యావ్నెలో రబ్బాన్ గమలియేల్ ఎదుట షిమోన్ హ-పకోలి వాటిని వరస పెట్టాడని తాల్ముద్ అంటుంది. రోజుకు మూడుసార్లు, అంటే యాభై ఏడు. మిగతావి పొద్దుటి వరసలో, భోజనాల్లో నిండుతాయి. అమీదా మధ్యభాగమంతా అడిగేదే: తెలివి, క్షమ, ఆరోగ్యం, మంచి పంట. అయితే ప్రతి కోరికా చివరికి బెరాఖాగానే ముగుస్తుంది. ఆరోగ్యం అడిగినవాడు రోగులను బాగుచేసేవాడికి స్తుతి చెప్పి ఆపుతాడు.

ఒకరు చెప్తే విన్నవారు ‘ఆమేన్’ అంటారు. నమ్మకం, స్థిరత్వం అనే అర్థాలున్న ధాతువు అది. తెలుగు చర్చిల్లో రోజూ వినే ‘ఆమెన్’ ఈ హీబ్రూ మాటే. అలెగ్జాండ్రియాలో ఉన్న మహా సినగాగ్ గురించి తాల్ముద్ ఒక ముచ్చట చెబుతుంది. అది ఎంత పెద్దదంటే చివరివాళ్లకు ప్రార్థన వినబడేది కాదు. మధ్యలో కొయ్య వేదిక మీద ఒకడు గుడ్డ పట్టుకుని నిలబడి, ఆమేన్ చెప్పాల్సిన చోట దాన్ని ఊపేవాడు. అక్కడ జనం వృత్తులవారీగా కూర్చునేవారు. బంగారం పని వాళ్లొక చోట, వెండి పని వాళ్లొక చోట, కమ్మరులు ఒక చోట, సాలెవాళ్లు ఒక చోట. ఊరికి కొత్తగా వచ్చిన పేదవాడు తన పనివాళ్లెక్కడున్నారో చూసుకుని అక్కడ కూర్చుంటే, పనీ దొరికేది, తిండీ దొరికేది. ట్రాజన్ చక్రవర్తి కాలంలో, 115-117 తిరుగుబాటును అణచినప్పుడు ఆ నగరపు యూదు సమాజం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

ఇవన్నీ చాలాకాలం నోటి మీదే నడిచాయి. బెరాఖాలను రాసిపెట్టడం తోరాను తగలబెట్టడంతో సమానమని తాల్ముద్‌లో ఉంది. తొమ్మిదో శతాబ్దిలో స్పెయిన్ నుంచి జనం అడిగితే బాబిలోనియాలోని సూరా పీఠాధిపతి నత్రోనాయ్ నూరు బెరాఖాల జాబితా రాసి పంపాడు. ఆయన తర్వాత అదే పీఠంలో ఉన్న అమ్రామ్ ఏడాది పొడవునా చదవాల్సిన ప్రార్థనలన్నీ క్రమంగా రాసి పంపాడు. మనకు తెలిసిన మొదటి పూర్తి ప్రార్థన పుస్తకం, ‘సిద్దూర్’, అదే.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం ఒక యూదు ఇంటికి వెళ్దాం. దీపాలు వెలిగించారు. బల్ల మీద గుడ్డ కప్పిన రొట్టెలు రెండు. తండ్రో తల్లో పిల్లల తల మీద చేతులుంచుతారు. ఆడపిల్లలకు శారా, రిబ్కా, రాహేలు, లేయాల లాగా కావాలని, మగపిల్లలకు ఎఫ్రాయీము, మనష్షేల లాగా కావాలని దీవిస్తారు. ముసలి యాకోబు చూపు మందగించిన కళ్లతో, చేతులు అడ్డంగా మార్చి, కుడిచెయ్యి చిన్న మనవడు ఎఫ్రాయీము తల మీద పెట్టిన కథ ఆదికాండములో ఉంది. ఆ తర్వాత ఆ పదిహేను మాటలు పలుకుతారు. హిన్నోము లోయ వెండిచుట్టల్లో దొరికినవి ఆ దీవెన మాటలే. ఆలయంలో వాటిని పలకడానికి యాజక వంశంలో పుట్టాలి. ఇంట్లో పలకడానికి బిడ్డ తల్లో తండ్రో అయితే చాలు.

ఎఫ్రాయీము పేరు వినగానే తెలుగు పాఠకులకు ఇంకో ఊరు గుర్తుకు రావాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తమను ‘బెనె ఎఫ్రాయీం’, అంటే ఎఫ్రాయీము సంతతి, అని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. వారిలో ఎక్కువమంది మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవారు, అంతకుముందు క్రైస్తవులు. 1991లో అక్కడ సినగాగ్ వెలిసింది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వారి మధ్య గడిపి 2013లో ఆంధ్ర యూదుల మీద ఒక పుస్తకం వెలువరించారు. ఆ వంశావళికి పాత రాతల ఆధారం లేదు. కానీ సబ్బాతు పాటిస్తూ, తెలుగు ఇంటిభాషగా ఉన్న నోళ్లు హీబ్రూ బెరాఖాలు నేర్చుకున్నాయి. బెన్యామీను కాపరికి ఉన్న చోటే వారికీ ఉందని ఈ వ్యాసకర్త నమ్మకం.

వచ్చే భాగంలో కైరో పాతబస్తీ ఫుస్తాత్‌కు, బెన్ ఎజ్రా సినగాగ్ గోడ వెనక అరకు వెళ్దాం. దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదని అక్కడ శతాబ్దాల పాటు దాచిన చిరుగులను 1896-97లో పండితుడు సాలమన్ షెక్టర్ కేంబ్రిడ్జికి తరలించాడు. ఆ పోగులో, అందరూ మరచిపోయిన పాత పాలస్తీనా పాఠంలో అమీదా దొరికింది.